దారి ఖర్చు

విశాఖపట్నం నుంచి ఆ ఊరి పొలిమేర దాకా పెట్టె ఒక్క రాత్రిలో వచ్చింది. పొలిమేర నుంచి చెరువు గట్టు దాకా, గట్టిగా మూడున్నర వందల మీటర్లు, రావడానికి మూడు రోజులు పట్టింది.

పెట్టె అంటే కంటెయినరు. ఓడల మీద తిరిగి తిరిగి రిటైరైన ఇరవై అడుగులది. ఖాళీ బరువు 2,200 కిలోలని దాని తలుపు మీదే రాసి ఉంది. భీమవరం అవతల రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన మేత బస్తాలు దాచుకోడానికి కొన్నాడు. ఈ మధ్య చెరువుల మీద ఇది మామూలైపోయింది. షెడ్డు కడితే గోడలు చెమ్మ పీలుస్తాయి, మేత బూజు పడుతుంది. పెట్టెకైతే తలుపు మూసి గడియ బిగిస్తే ఎలక కాదు కదా, చీమ కూడా దూరదు. తెచ్చి దింపే బేరం నాది. సంక్రాంతికి ముందే చెరువులో పిల్ల వదలాలి కాబట్టి పెట్టె ఈలోపే అక్కడుండాలని షరతు.

కాలవగట్టు వైపు నుంచి చెరువులకి రోడ్డుంది. కాకపోతే మధ్యలో ఉన్న వంతెన మీద ట్రాక్టరు పడితే ఇక సైకిలు పట్టదు. అటు ట్రెయిలరు మాట తలపెట్టడానికి లేదు. ఇటు తారు రోడ్డు నుంచి చెరువు దాకా ఆసామిదే ఒకే చెక్కగా పన్నెండెకరాల వరి చేను. సార్వా కోసేశారు. కోసిన వారానికి తుపాను వాన పడింది. రేగడి నేల. వేసిన అడుగు పైకి తీస్తే చెప్పు లోపలే ఉండిపోతోంది.

ఈ పెట్టెల వ్యాపారానికి ఆద్యుడు మాల్కం మెక్లీన్ అని ఒక అమెరికా లారీల యజమాని. 1956 ఏప్రిల్ 26న ఐడియల్-ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలు న్యూఅర్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. లారీ మీంచి ఓడ మీదికి, ఓడ మీంచి లారీ మీదికి, మూట విప్పకుండా సరుకు మార్చడం ఆయన కనిపెట్టిన కిటుకు. తుపాను తర్వాత వరి చేలోకి ఎలా మార్చాలో మాత్రం ఆయనెక్కడా చెప్పినట్టు లేదు.

మొదటి రోజు హైడ్రా తెప్పించాను. ముందు కొక్కేనికి బరువు తగిలించుకుని నాలుగు చక్రాల మీద నడిచిపోయే క్రేను అది. దాని సొంత బరువే పది టన్నుల దాకా ఉంటుంది. పెట్టెని ఎత్తింది, వయ్యారంగా ఊపుకుంటూ చేలోకి దిగింది, ముప్పై అడుగులు పోయింది. ముందు చక్రాలు రెండూ ఇరుసుల దాకా కూరుకుపోయాయి. పెట్టెని అక్కడే కింద పెట్టించాను. పెట్టిన చోట అదీ నాలుగు మూలలా కుంగడం మొదలెట్టింది. హైడ్రాని బయటికి లాగడానికి పొక్లెయిను పిలిపించేసరికి ఆ రోజు బేరంలో నాకు మిగిలేది అక్కడే మిగిలిపోయింది.

సాయంత్రం గట్టు మీద తల పట్టుకుని కూర్చుంటే వచ్చాడు ముసలాయన. తలకి తువ్వాలు, చేతిలో గడకర్ర. ఇద్దరు మనవళ్ళకి తాత అయ్యుంటాడు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, మూల దగ్గర వంగి చూశాడు.

"కాళ్ళ మీద నిలబెడితే దిగబడక ఏం చేస్తదండి? పొట్ట మీద పడుకోబెట్టండి బాబూ."

ఆ మాటలో ఎంత లెక్క ఉందో నాకు ఆ రాత్రి తెలిసింది. కంటెయినరుకి నాలుగు మూలలా నాలుగు ఉక్కు పాదాలుంటాయి. మిగతా అడుగు కన్నా అరంగుళం కిందికి దిగి ఉంటాయి. ఒక్కొక్కటీ 178 మిల్లీమీటర్ల పొడవు, 162 వెడల్పు, చాచిన అరచెయ్యంత. ఓడలో ఒకదాని మీద ఒకటి ఏడెనిమిది పెట్టెలు పేర్చినా ఆ భారమంతా మోసేవి ఆ మూలలే. ఉక్కు మీద ఉక్కు కూర్చుంటే సరే. బురద మీద కూర్చుంటే 2,200 కిలోలూ ఆ నాలుగు అరచేతుల మీదే పడతాయి. చదరపు సెంటీమీటరుకి దగ్గర దగ్గర రెండు కిలోలు. మనిషి రెండు కాళ్ళ మీద నిలబడితే పడే భారం అందులో పదో వంతు ఉండదు.

అదే పెట్టె కింద నిలువునా రెండు తాటి దూలాలు పెట్టి, దూలాల అడుగు జానెడు వెడల్పున చదును చెక్కితే? దూలాల బరువు కలిపినా చదరపు సెంటీమీటరుకి వంద గ్రాములు. సిగరెట్టు పెట్టె వెనక మూడు సార్లు వేసి చూశాను, మూడు సార్లూ వందే వచ్చింది. మనిషి దిగబడే చోట పెట్టె తేలుతుందన్నమాట. ఆ సంతోషంలో నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి ముసలాయన వచ్చేశాడు. ఊళ్ళో ఎవరిదో పాత తాటాకిల్లు పడగొట్టిన దూలాలు రెండు బేరమాడి పెట్టాడు. వాటి ముక్కులు పడవ ముక్కుల్లా పైకి లేచేలా గొడ్డలితో చెక్కించాడు. గెలలు కోసేసిన అరటి తోటలోంచి రెండు బళ్ళ బోదెలు తెప్పించి దూలాల కింద అడ్డంగా పరిపించాడు. "కర్ర మీద కర్ర అయితే కరుచుకుంటాయండి. అరటి బోదె అయితే జారతాది" అన్నాడు. ట్రాక్టరుని చేలోకి రానివ్వలేదు. అది తారు రోడ్డు మీదే ఉండాలి. మోకు చేలోకి వచ్చి, కప్పీ తిరిగి, పెట్టెకి తగలాలి.

"కప్పీ దేనికి కడతాం తాతా? ఇక్కడ చెట్టన్నది లేదే."

ఆయన గడకర్ర పుచ్చుకుని చేలోకి దిగాడు. పది అడుగులు వేసి పొడిచాడు, మళ్ళీ పది అడుగులు వేసి పొడిచాడు. ఒక చోట ఆగి, "ఇక్కడ తవ్వండి" అన్నాడు. పారతో జానెడు బురద తీస్తే నేలకి సమంగా కోసేసిన తాటి మోడు. చెట్టు పోయినా వేళ్ళు పోలేదు, ఏనుగుని కట్టినా కదలదు. ఇంకో ఇరవై బారల అవతల ఇంకోటి చూపించాడు. ఆ తర్వాత ఇంకోటి. నేను నోరు తెరిచి చూస్తుండగా మొత్తం తొమ్మిది చూపించాడు.

"ఈ చెట్లన్నీ ఏమయ్యాయి తాతా?"

"అమ్మేశారండి. ఇటుక బట్టీకి."

మరి దారి సంగతి. నేను తారు రోడ్డు నుంచి చెరువుకి తిన్నగా గీత గీశాను. ముసలాయన ఒప్పుకోలేదు. ఎడమవైపు నుంచి తీసుకుని, మధ్యలో కొంచెం వంగి, అప్పుడు చెరువు గట్టు కలవాలన్నాడు. ముప్పై బారలు ఎక్కువ అవుతుంది. ఎందుకంటే మాట్లాడకుండా గడకర్ర నా చేతికిచ్చాడు. నేను గీసిన గీత మీద పొడిస్తే కర్ర రెండు మూరలు సర్రున దిగిపోయింది. ఆయన చూపిన చోట జానెడు దిగి ఠక్కున ఆగింది. కుడికి నాలుగు బారలు జరిగి పొడిస్తే మళ్ళీ రెండు మూరలు. ఎడమకి జరిగినా అంతే.

"నీకెలా తెలుసు?"

"ఏభై ఏళ్ళ బట్టి తొక్కుతున్న నేలండి. కాళ్ళకి తెలుస్తాది."

ఇంజనీరింగు కాలేజీలో మట్టి గురించి నాలుగేళ్ళు చదివొచ్చిన వాళ్ళు ఈయన కాళ్ళ దగ్గర కూర్చోవాలని అక్కడున్న ట్రాక్టరు డ్రైవరుతో అన్నాను. డ్రైవరు ఆ ఊరివాడే. ఏదో అనబోయి, ముసలాయన వైపు చూసి, స్టీరింగు తుడుచుకున్నాడు.

రెండో రోజంతా లాగుడే. ముసలాయన పెట్టె ముందు నిలబడి తువ్వాలు ఊపితే రోడ్డు మీద ట్రాక్టరు కదిలేది. మోకు బిగిసి బురదలోంచి లేచి నీళ్ళు చిమ్మేది. పెట్టె ఒక్క క్షణం మొరాయించి, ఆపైన అరటి బోదెలు పచపచ నలుగుతుంటే ముందుకి జారేది. వెనక మిగిలిన బోదెలు కుర్రాళ్ళు ఎత్తుకొచ్చి మళ్ళీ ముందు పరిచేవారు. బట్టల మీద పడితే చచ్చినా వదలని అరటి పసరు, చేతులన్నీ నల్లబడ్డాయి. బడి ఎగ్గొట్టిన పిల్లలు గట్టు మీద కూర్చుని రథం లాగినట్టు గోవిందలు కొట్టారు. ముసలాయన మనవడు సెల్లులో ఒకటే ఫోటోలు. పెట్టె వెనక దూలాలు వదిలిన గాడి వేళ్ళ లోతు దాటలేదు. ఆ గాడినీ ఫోటో తీశాడు. స్టేటస్‌లో పెట్టుకుంటాడు కాబోలనుకున్నాను.

చీకటి పడేసరికి సగం దాటాం. నా వంద గ్రాముల లెక్క అక్కడున్న అందరికీ చెప్పాను, అడగనివాళ్ళకి రెండు సార్లు.

మూడో రోజు పొద్దున్న మేనేజరు వచ్చాడు. పొరుగు జిల్లా నుంచి కొత్తగా చేరిన కుర్రాడు, చెవిలోంచి ఫోను తియ్యడు. మర్నాడు ఆసామి వస్తున్నారని, ఇవాళ మధ్యాహ్నానికల్లా పెట్టె గట్టెక్కాలని హడావుడి. వంపు తిరగడమెందుకు, ఇక్కడి నుంచి అడ్డంగా కొట్టేస్తే వంద అడుగులు కలిసొస్తుంది కదా అన్నాడు. నేను ముసలాయన వైపు చూశాను. అప్పటిదాకా జానెడు పక్కకి జరిగితే ఊరుకోని మనిషి, "మేనేజరు గారి చిత్తం" అని గట్టు మీద గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు.

నాకూ లెక్క మీద ధీమా. వంద గ్రాములు ఎక్కడైనా వంద గ్రాములే కదా. అడ్డంగా తిప్పాం. ఇరవై అడుగులు పోయేసరికి కుడి దూలం ముక్కు కిందికి పొడుచుకుంది. ఆపమని అరిచేలోపు పెట్టె ఆ మూలకి ఒరిగి, గుమ్మం దాకా బురదలో కూర్చుంది. మనవడు మళ్ళీ ఫోటోలు.

దాన్ని లేపడానికి నాలుగు లారీ జాకీలు, జాకీల కింద చెక్కలు, చెక్కల కింద ఇంకో బండి బోదెలు, ఆరుగురు మనుషులు, ఐదు గంటలు పట్టాయి. వెనక్కి లాగి, ముసలాయన చెప్పిన గీత మీదికి ఎక్కించాక మాత్రం అదే పెట్టె, అవే దూలాలు, చెప్పిన మాట వినే కోడెలా సరసరా నడిచింది. దీపాలు పెట్టే వేళకి సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టాం.

రాత్రి పెట్టెలోనే లాంతరు పెట్టుకుని బిల్లు రాశాను. హైడ్రా, పొక్లెయిను, ట్రాక్టరు, దూలాలు, బోదెలు, కూలీలు. ముసలాయనకి వెయ్యి రూపాయలిస్తే పుచ్చుకోలేదు. "ఊరికే ఒద్దండి. లెక్కలో రాసి ఇవ్వండి" అన్నాడు. ఆ పౌరుషం నాకు నచ్చింది. దేని కింద రాయనంటే, "నేనేం చేశానండి, దారి చూపించాను, అంతేగా" అన్నాడు. అలాగే రాశాను: దారి చూపినందుకు 1,000.

పేచీ ఆఖరి పద్దు దగ్గర వచ్చింది. దిగబడిన పెట్టెని లేపినందుకు 8,500 అని రాస్తే మేనేజరు ఒప్పుకోడు. పెట్టె దింపడం మీ పని, దిగబడితే మీ ఖర్మ, మేమెందుకిస్తాం అంటాడు. అటు తిప్పమన్నది నువ్వు కదయ్యా అంటాను నేను. అరగంట అరుచుకున్నాం. మూల కూర్చున్న ముసలాయన నెమ్మదిగా అందుకున్నాడు.

"దారిలో దిగబడితే బాబుగారి తప్పు. దారి తప్పించాకే కదండీ దిగబడింది? అదేదో అలాగే రాసుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు."

ధర్మంగానే ఉంది. మేనేజరు కూడా గొణిగి ఊరుకున్నాడు. రాశాను: మేనేజరు గారు చెప్పినందున దారి తప్పి అడ్డంగా వెళ్ళి దిగబడినందుకు అదనపు ఖర్చు 8,500.

పొద్దున్న ఆసామి కారు వచ్చింది. కారు గట్టు మలుపు తిరగ్గానే ముసలాయన అగ్గిపెట్టె కోసమని వెళ్ళిపోయాడు. ఆసామి పెట్టె చుట్టూ తిరిగి, తలుపు తీసి వేసి, పక్కన నిలబడి ఫోటో దిగి, మహా సంబరపడ్డాడు. బిల్లు పైనుంచి కింది దాకా చదివాడు కూడా. ఆఖరి పద్దు చూసి మేనేజరు వైపు తిరిగి, "దారి తప్పావా? ఇది నీ జీతంలో కోసేస్తాను" అని నవ్వి, సంతకం పెట్టి డబ్బిచ్చాడు.

రోడ్డెక్కి లారీ స్టార్టు చేస్తుంటే ముసలాయన తలుపు దగ్గరికొచ్చాడు.

"ఆ కాయితం నకలొకటి ఇప్పించండి బాబూ. అచ్చు కాయితం మీద నా కూలి ఎప్పుడూ పడలేదు."

నా బిల్లు పుస్తకంలో తెల్ల కాగితం ఆసామికి, పసుపుది ఆడిటరుకి, కార్బన్‌తో సంతకం పడిన గులాబీది నాకు. ఆ గులాబీది చింపి ఇచ్చేశాను. నాలుగు మడతలు పెట్టి బీడీల డబ్బాలో దాచుకున్నాడు. చదువురాని మనిషికి కాగితమంటే ఎంత మోజో అనుకుని, ఆ ముచ్చట ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను.

మళ్ళీ సార్వా నాట్ల వేళకి నాకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. వాది తరఫు సాక్షిగా హాజరు కావాలని. వాది ఎవరో నాకు తెలియదు. వెళ్ళి చూస్తే వరండాలో బల్ల మీద తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. ప్లీడరు గుమాస్తా టీ తాగిస్తూ కథ చెప్పాడు.

ఆ పన్నెండెకరాల అవతల, చెరువుల పక్కన, ముసలాయనకి ఎకరంన్నర ఉంది. తండ్రి నాటి నుంచీ చేల మధ్యలోంచి, రెండు వైపులా తాడిచెట్లు ఉన్న బండి దారిన వెళ్ళి వచ్చేవాడు. ఆసామి ఆ పన్నెండూ కొన్నాక చెట్లు నేలమట్టంగా కోయించి, దారి దున్నించి చేలో కలిపేశాడు. అప్పట్నుంచీ ముసలాయన పంట నెత్తిన మోసుకుని బయటపడాల్సిందే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారి మీద హక్కు పుడుతుంది. మూసిన రెండేళ్ళలోపు దావా వెయ్యాలి. వేశాడు. కోర్టు కమిషనర్ని పంపింది. ఆయన భాద్రపదంలో వచ్చాడు. మోకాలెత్తు పచ్చని చేను, కింద నీళ్ళు. దారి ఆనవాళ్ళేవీ కనిపించలేదని రాసి వెళ్ళాడు. ఇక్కడ ఏనాడూ దారన్నదే లేదని, అదంతా మనిషి దిగబడే రొంపి అని ఆసామి జవాబుదావా.

నన్ను బోనెక్కించారు. ఆసామి ప్లీడరు తెలివైనవాడు. పెట్టె తేలింది నేల గట్టితనం వల్ల కాదు, మీరు వేసిన దూలాల వల్లే కదా అన్నాడు. ఇన్నాళ్ళకి అడిగేవాడు దొరికాడని నా వంద గ్రాముల లెక్క మొత్తం చెప్పాను. ప్లీడరు సంతోషించాడు. ముసలాయన ప్లీడరు లేచి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"అవే దూలాలు, అదే బరువు. మరి మూడో రోజు ఎందుకు దిగబడిందండీ?"

నా లెక్కలో దానికి జవాబు లేదు. జాకీల మధ్య ఒరిగిన పెట్టె ఫోటో, వేళ్ళ లోతు గాడి ఫోటో, వరసగా తొమ్మిది తాటి మోళ్ళ ఫోటోలు బల్ల మీద పరిచారు.

తర్వాత ఆసామిని పిలిచారు. ఈ చేలో దారి ఉండేదా అంటే, ఏనాడూ లేదు అన్నాడు గట్టిగా. ముసలాయన బీడీల డబ్బా తీశాడు. గులాబీ కాగితం మడతలు విప్పి ప్లీడరుకి, ప్లీడరు గుమాస్తాకి, గుమాస్తా ఆసామికి అందించారు.

"కింద సంతకం మీదేనాండీ?"

"నాదే."

కాగితం జడ్జీగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పద్దులు ఒక్కొక్కటే వేలితో దాటుకుంటూ వచ్చారు. దారి చూపినందుకు అన్న దగ్గర వేలు కాసేపు ఆగింది. ఆఖరి పద్దు దగ్గర మళ్ళీ ఆగింది. రెండోసారి చదివి, తలెత్తి ఆసామి వైపు చూశారు.

"దారే లేదంటున్నారు. మరి తప్పడానికి ఎనిమిది వేల అయిదు వందలు ఎందుకిచ్చారండీ?"